మోవానా సినిమాలో ఆకాశం చూడండి

వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్ తీసిన ‘మోవానా’ 2016 నవంబరులో విడుదలైంది. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. కథ పసిఫిక్ మహాసముద్రంలో, మోటునుయి అనే ఊహాదీవిలో జరుగుతుంది. ఆ దీవి నాయకుడి కూతురే మోవానా. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లకు సముద్రమంటే ప్రాణం. తండ్రి మాత్రం దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ దాటి ఒక్క పడవను కూడా పోనివ్వడు. ఇంతలో దీవిలో కొబ్బరికాయలు నల్లబడి కుళ్లిపోతాయి. వలలు ఖాళీగా తిరిగివస్తాయి. అప్పుడు మోవానా దిబ్బ దాటుతుంది. మావుయి అనే వీరుణ్ని వెతికి పట్టుకుంటుంది. అతను సగం మనిషి, సగం దేవుడు. టెఫిటి అనే దేవత గుండెను వెయ్యేళ్ల కిందట దొంగిలించినవాడు. ఆ గుండెను తిరిగి ఆ తల్లికి చేర్చడమే కథ.

పిల్లలు ఈ సినిమాను పాటల కోసం చూస్తారు, తిక్క కోడిపుంజు కోసం చూస్తారు. వాళ్ల పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు ఇందులో ఇంకో సినిమా దొరుకుతుంది. దానికి ఒక్క పని చేస్తే చాలు. మోవానా చేతిని గమనించండి. ఆ చెయ్యి దేనివైపు లేచిందో, ఆ ఆకాశాన్ని గమనించండి. దిక్సూచి లేదు, పటం లేదు, గడియారం లేదు. అయినా వేల కిలోమీటర్ల నీటి మీద దారి తెలుసుకున్న జనం కథ ఇది. ఆ విద్య ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే ఈ సినిమా రుచి మారిపోతుంది.

ముందు ఆ సముద్రం ఎంతదో తెలియాలి. ఉత్తరాన హవాయి, నైరుతిలో న్యూజిలాండ్, ఆగ్నేయంలో ఈస్టర్ దీవి అని పిలిచే రాపానుయి. ఈ మూడింటినీ గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ఒక్కో భుజం సుమారు 7 వేల కిలోమీటర్లు. అంటే కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దూరానికి రెట్టింపు పైమాటే. ఈ త్రిభుజమే పాలినీషియా. సమోవా, టోంగా, తహితి, కుక్ దీవులు, మార్కెసాస్ అన్నీ ఇందులోవే. న్యూజిలాండ్‌ను పక్కనబెడితే ఇక్కడ నేల బహు తక్కువ, నీరే ఎక్కువ. అయినా ఈ మూలనుంచి ఆ మూలదాకా మాట్లాడే భాషలన్నీ ఒకే తల్లి పిల్లలు.

ఈ జనం పూర్వికులు పడమటి నుంచి దీవి తర్వాత దీవి పట్టుకుంటూ వచ్చారు. సుమారు 2,800 ఏళ్ల కిందటికే టోంగా, సమోవా చేరారు. ఆ తర్వాత ఒక చిత్రం జరిగింది. తూర్పు ప్రయాణం ఆగిపోయింది. పదిహేను వందల ఏళ్లకు పైగా ముందుకు కదల్లేదు. మళ్లీ క్రీ.శ. 1000 ప్రాంతంలో ఒక్కసారిగా పడవలు బయల్దేరాయి. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలోనే తహితి, మార్కెసాస్, హవాయి, రాపానుయి, చివరికి న్యూజిలాండ్ కూడా మనుషులతో నిండాయి. మధ్యలో అంత కాలం ఎందుకు ఆగారన్నదానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. గాలులు అనుకూలించలేదని కొందరంటారు. అంత దూరం పోగల పడవలు అప్పటికి తయారుకాలేదని మరికొందరంటారు.

‘మోవానా’ కథ పుట్టింది సరిగ్గా ఈ విరామంలోంచే. సినిమాలో నాయనమ్మ టాలా మనవరాలిని ఒక గుహ దగ్గరికి పంపుతుంది. లోపల పెద్ద పెద్ద పడవలు దాచి ఉంటాయి. మోవానా అక్కడి డోలు మోగించగానే ముత్తాతల పడవల వరస ఆమె కళ్లముందు కదులుతుంది. పగడపు దిబ్బ దాటొద్దని కట్టుబాటు పెట్టుకున్న ఈ జనం ఒకప్పుడు సముద్రాలు దాటినవాళ్లేనని ఆ పిల్లకు అప్పుడు తెలుస్తుంది. ఈ గుహ సన్నివేశాన్ని తొందరపడి దాటవేయవద్దు. సినిమా మొత్తానికి వెన్నెముక అదే.

ఆ మతిమరుపు సినిమాలో మాత్రమే లేదు. చరిత్రలోనూ జరిగింది. 1769లో కెప్టెన్ కుక్ తహితి వచ్చినప్పుడు టుపాయా అనే పూజారి ఆయన ఓడ ఎక్కాడు. రాయటేయా దీవివాడు. చుట్టూ ఉన్న పదుల కొద్దీ దీవుల పేర్లు, అవి ఏ దిక్కున ఉన్నాయో, ఎన్ని రోజుల ప్రయాణమో నోటికి చెప్పాడు. ఆయన చెప్పినదాన్నిబట్టి పటం కూడా తయారైంది. ఓడ ఎన్ని మలుపులు తిరిగినా తహితి ఏవైపు ఉందో వేలు పెట్టి చూపేవాడని చెబుతారు. మరుసటి ఏడే టుపాయా బటావియాలో జబ్బుతో పోయాడు. తర్వాత కాలంలో వలసపాలన వచ్చింది. దీవుల్లో పాత విద్యలు ఒక్కొక్కటీ అడుగంటాయి.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి, అసలు ఆ విద్య ఉండేదా అన్న అనుమానం మొదలైంది. నార్వేకు చెందిన థోర్ హెయర్‌డాల్ 1947లో పెరూ నుంచి కోన్‌టికీ అనే తెప్ప మీద బయల్దేరాడు. గాలి, నీటివాలు మోసుకుపోగా 101 రోజులకు టువామోటు దీవులు చేరాడు. పాలినీషియా జనం దక్షిణ అమెరికా నుంచే వచ్చారని వాదించాడు. 1950ల్లో న్యూజిలాండ్‌కు చెందిన ఆండ్రూ షార్ప్ ఇంకో మాటన్నాడు. పాలినీషియా వాళ్లు దూరపు దీవులకు దారి తెలిసి పోలేదు, తుపాన్లకు కొట్టుకుపోయి చేరారన్నాడు. ఒక జాతి తరతరాలుగా కూడబెట్టుకున్న శాస్త్రాన్ని కాకతాళీయం అని కొట్టిపారేయడం చిన్న మాట కాదు. దానికి జవాబు కాగితం మీద కాదు, సముద్రం మీద చెప్పాలని హవాయిలో కొందరు నిశ్చయించుకున్నారు.

1973లో పాలినీషియన్ వాయేజింగ్ సొసైటీ ఏర్పడింది. మానవశాస్త్రవేత్త బెన్ ఫిన్నీ, చిత్రకారుడు హెర్బ్ కానే, నావికుడు టామీ హోమ్స్ దాన్ని స్థాపించారు. పాత బొమ్మలు, పాత వర్ణనలు చూసి ఒక జంటపడవ కట్టారు. పొడవు సుమారు 62 అడుగులు. 1975లో నీటిలోకి దించారు. పేరు హోకూలేఆ. పడవైతే ఉంది, దారి చూపేవాడు లేడు. ఆ రోజుకి హవాయిలో ఆ విద్య తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. చివరికి మైక్రోనీషియాలోని సటవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్ వచ్చాడు. చిన్ననాడు తాత ఒడిలో నేర్చుకున్న విద్య ఆయనది. 1976 మే 1న హవాయిలో బయల్దేరిన పడవ జూన్ 4న తహితి రేవు పపీటే చేరింది. సుమారు 4 వేల కిలోమీటర్లు. పడవలో దిక్సూచి కూడా లేదు. రేవులో సుమారు 17 వేల మంది ఎదురొచ్చారు. నాలుగేళ్ల తర్వాత, 1980లో, నైనోవా థామ్సన్ అనే హవాయి యువకుడు తానే దారి చూపుతూ తహితి వెళ్లి తిరిగొచ్చాడు.

ఇక సినిమాలో చెయ్యి సంగతి. మావుయి దొరికాక అతను మోవానాకు పడవ నడపడం నేర్పుతాడు. ఆమె అరచెయ్యి పైకెత్తి చుక్కలవైపు చాచుతుంది. పట్టు తప్పుగా ఉందని మావుయి సరిచేస్తాడు. చూసేవాళ్లు నవ్వుకుంటారు, సన్నివేశం దాటిపోతుంది. కానీ అక్కడున్నది అసలు సిసలు విద్య. శ్రోతలు డాబా మీదనో వాకిట్లోనో నిలబడి దీన్ని తమంత తాము చేసి చూడవచ్చు.

చెయ్యి పూర్తిగా చాచండి. మోచెయ్యి వంచవద్దు. పిడికిలి బిగించండి. అలా చాచిన పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు కప్పుతుంది. చెయ్యి పొడవుగా ఉన్నవాళ్లకు పిడికిలీ పెద్దదే ఉంటుంది కాబట్టి కొలత పెద్దగా మారదు. ఇప్పుడు ఉత్తరం వైపు తిరగండి. ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోండి. నేల ఆకాశం కలిసే అంచు నుంచి ధ్రువుడి దాకా ఎన్ని పిడికిళ్లు పడతాయో కొలవండి. తిరుపతిలో పిడికిలి మీద మూడో వంతు పైచిలుకు. విజయవాడలో, హైదరాబాదులో పిడికిలిన్నర దాటి కొంచెం. ఇచ్ఛాపురంలో రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఉత్తరానికి పోయేకొద్దీ ధ్రువుడు పైకి లేస్తాడు. దక్షిణానికి పోయేకొద్దీ కిందికి దిగుతాడు. ధ్రువుడి ఎత్తు ఎన్ని డిగ్రీలో, ఆ ఊరి అక్షాంశం కూడా ఇంచుమించు అన్నే డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు.

మళ్లీ ఒకసారి. చుక్క ఎత్తు తెలిస్తే, ఉత్తర దక్షిణాల్లో ఎక్కడున్నామో తెలుస్తుంది. మోవానా చెయ్యి కొలిచేది దీన్నే.

భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోతే ధ్రువుడు కనబడడు. అప్పుడు వేరే చుక్కలు కావాలి. మన పెద్దలు త్రిశంకు అని పిలిచిన నాలుగు చుక్కల గుంపు అందుకు పనికొస్తుంది. హవాయి అక్షాంశంలో త్రిశంకు నిటారుగా నిలబడినప్పుడు, పై చుక్కకూ కింది చుక్కకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో, కింది చుక్కకూ సముద్రపు అంచుకూ మధ్య కూడా అంతే ఎడం ఉంటుంది. తహితి నుంచి ఉత్తరంగా వచ్చే నావికుడికి ఈ రెండు ఎడాలూ సమానమైతే హవాయి అక్షాంశం చేరినట్టే.

ఇంకో పద్ధతి నడినెత్తి చుక్క. ప్రతి దీవికీ సరిగ్గా తల మీదుగా పోయే చుక్క ఒకటి ఉంటుంది. తహితికి అది సిరియస్, మన లుబ్ధకం. హవాయికి అది ఆర్క్‌టురస్. పడవకు పెట్టిన హోకూలేఆ అన్న పేరు ఈ చుక్కదే. ఇది తెలుగువాళ్లకు కొత్త చుక్క కాదు. ఇదే మన స్వాతి. ముత్యపు చిప్పలో చినుకుగా పడుతుందని కథలు చెప్పుకున్న స్వాతి, రైతులు కార్తెల్లో లెక్కపెట్టే స్వాతి. హవాయి పెద్ద దీవీ ఇచ్ఛాపురమూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అందువల్ల స్వాతి అక్కడా నడినెత్తినే, ఇక్కడా నడినెత్తినే. చూడాలనుకునేవాళ్లు మే నెలాఖరున రాత్రి తొమ్మిదిన్నరకు తలెత్తండి. సప్తర్షుల తోకలో వసిష్ఠుడు, మరీచి దాటి ఆ వంపు వెంబడే చూపు సాగనివ్వండి. కాస్త ఎర్రబారిన పసుపు రంగులో గట్టిగా వెలిగే చుక్క తగులుతుంది. అదే.

అదే సమయంలో ఆగ్నేయం వైపు చూస్తే వృశ్చిక రాశి లేస్తూ ఉంటుంది. అనూరాధ, జ్యేష్ఠ, మూల నక్షత్రాలున్న గుంపు. మన పెద్దలకు అది కొండితో ఉన్న తేలు. హవాయి వాళ్లకు అది మావుయి గాలం. సముద్రం అడుగునుంచి దీవులను చేపల్లా పైకి లాగిన గాలం అది. నాయనమ్మ మోవానాకు చెప్పేది ఈ గాలం వెంట పొమ్మనే. ఒంటరిగా బయల్దేరిన పిల్ల ఆ గుంపునే గురిపెట్టుకుని పడవ నడుపుతుంది. కునుకు పడుతుంది. లేచేసరికి పడవ దారి తప్పి ఉంటుంది. అసలు నావికులకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. దారి చూపేవాడు రోజుల తరబడి కంటిమీద కునుకు లేకుండా కూర్చునేవాడు. అప్పుడప్పుడు కొద్దిసేపు నడుం వాల్చడం తప్ప వేరే నిద్ర ఉండేది కాదు. పడవ వేగం, తిరిగిన దిక్కు, గడిచిన కాలం, ఈ మూడింటి లెక్కా అతని బుర్రలోనే ఉండేది. లెక్క ఒకసారి తెగితే మళ్లీ అతికేది కాదు.

చుక్కలు ఎత్తు చెబుతాయి సరే, దిక్కు ఎవరు చెబుతారు? అదీ చుక్కలే. ఒక చుక్క ఏడాది పొడుగునా ఆకాశపు అంచులో ఒకే చోట ఉదయిస్తుంది, ఒకే చోట అస్తమిస్తుంది. ఏ చుక్క ఎక్కడ లేస్తుందో కంఠతా వస్తే ఆకాశపు అంచే దిక్సూచి అవుతుంది. ఒక చుక్క పైకెక్కిపోగానే అదే చోట లేచే ఇంకో చుక్కను అందుకోవాలి. రాత్రి పొడవునా ఇలా ఒకదాని వెంట ఒకటి. పగలు సూర్యుడు లేచేటప్పుడూ వాలేటప్పుడూ మాత్రమే పనికొస్తాడు. మబ్బు కమ్మితే అలలు మిగులుతాయి. దూరపు గాలులు పుట్టించిన పెద్ద అలలు రోజుల తరబడి ఒకే దిక్కునుంచి వస్తూ ఉంటాయి. అవి పడవకు ఏ పక్క తగులుతున్నాయో ఒంటికి తెలుస్తుంది. చీకట్లో పడవ అడుగున పడుకుని ఆ ఊపును వీపుతో పట్టుకునే నావికులు ఉండేవారు.

ఇక దీవి దగ్గరపడ్డాక ఇంకో చిక్కు. చదునైన పగడపు దీవి నాలుగైదు కోసుల దూరంలోకి వస్తే గానీ కంటికి కనబడదు. రాత్రిపూట దాని పక్కనుంచి జారిపోవచ్చు. అందుకని నావికుడు దీవిని వెతకడు, దీవి గుర్తుల్ని వెతుకుతాడు. తెలియని ఊరికి నడిచిపోయేవాడికి ఇళ్లు కనబడకముందే గుడి గోపురమో చెరువుగట్టు మీది తాడిచెట్లో కనబడి ఊరొచ్చిందని చెప్పినట్టే ఇదీ. ఇక్కడ గోపురం పని పక్షులు చేస్తాయి. రాత్రి నేల మీద గడిపి పగలు సముద్రం మీద చేపలు పట్టే పక్షులు సాయంత్రానికి ఇల్లు చేరాలి. తెల్లటి చిన్న టెర్న్ పక్షి సుమారు 190 కిలోమీటర్ల దాకా పోతుంది. నాడీ అనే నల్ల పక్షి సుమారు 65 కిలోమీటర్ల దాకా పోతుంది. పొద్దువాలేవేళ ఈ పక్షులు ఏవైపు తిన్నగా ఎగురుతాయో అటు నేల ఉంది. దీవి మీద మబ్బు కదలకుండా నిలబడుతుంది. లోతులేని పచ్చటి నీరు కింద ఉంటే ఆ మబ్బు అడుగున పచ్చని ఛాయ కనబడుతుంది.

పడవ సంగతి కూడా చెప్పుకోవాలి. మోవానా నడిపే చిన్న పడవకు ఒక పక్కగా, గెడల చివర కట్టిన దుంగ ఉంటుంది. పడవ బోర్లాపడకుండా ఆపేది అదే. గుహలోని పెద్ద పడవలు జంటపడవలు, మధ్యలో చెక్కతట్టు. పాతకాలపు పడవల్లో మేకు అనేది లేదు. అంతా కట్టుతాళ్లే. కొబ్బరిపీచును నీళ్లలో నానబెట్టి, బాది, ఆరబెట్టి, పోగుల్ని తొడ మీద పెట్టి అరచేత్తో పేని, ఆ పేట్లను జడలా అల్లేవారు. సమోవాలో పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఈ తాడు అల్లడం ఇప్పటికీ ఉంది. కోనసీమలో పీచు తాళ్లు పేనడం చూసినవాళ్లకు ఆ చేతుల కదలిక వెంటనే అర్థమవుతుంది. మేకు బిగించిన చెక్క పెద్ద అలకు విరుగుతుంది. తాడు కట్టిన చెక్క ఆ అలతోపాటు కొద్దిగా కదిలి మళ్లీ తన చోటికి వస్తుంది. సినిమా మొదట్లో ఊరంతా కొబ్బరిచెట్టును పొగుడుతూ పాడే పాట ఉంది. ఆకు, నీరు, కొబ్బరి, పీచు, ఏదీ వృథా పోదని అందులో చూపిస్తారు. ఆ పీచు చివరికి పడవ అవుతుందని తెలిసి ఆ పాట వినండి.

ఈ వివరాలు సినిమాలోకి వాటంతట అవి రాలేదు. దర్శకులు ముందుగా ఫిజీ, సమోవా, తహితి తిరిగారు. మోరేయా దీవిలో ఒక పెద్దాయన వాళ్లనొక మాట అడిగాడట. ఇన్నాళ్లూ మీ సంస్కృతి మమ్మల్ని మింగింది, ఈ ఒక్కసారికి మీరు మా సంస్కృతిలో మునగగలరా అని. ఆ తర్వాత నావికులు, భాషావేత్తలు, నర్తకులు, పచ్చబొట్టు పొడిచేవాళ్లు, మానవశాస్త్రవేత్తలతో ఒక సలహా బృందం ఏర్పడింది. దాని మాటకు విలువ దక్కింది. మొదట మావుయికి గుండు గీశారు. తహితి పెద్దలు ఒప్పుకోలేదు, జుట్టు ఒత్తుగా పెరిగింది. మోవానా కోపంతో కొబ్బరికాయలు విసిరే సన్నివేశం ఒకటి ఉండేది. కొబ్బరికాయకు తాము ఇచ్చే మర్యాద అది కాదన్నారు, దాన్ని తీసేశారు.

అయినా లోపాలు లేకపోలేదు. మావుయిని అంత లావుగా చూపడం చాలామంది పాలినీషియా వాళ్లను నొప్పించింది. వాళ్ల కథల్లో అతను చురుకైన, మాయలమారి కుర్రవాడు. చాలాచోట్ల అతని పక్కన హీనా అనే దేవత ఉంటుంది, సినిమాలో ఆమె లేదు. పచ్చబొట్ల చర్మంలా కుట్టిన మావుయి వేషాన్ని పిల్లలకు అమ్మబోతే గొడవైంది, 2016 సెప్టెంబరులో సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. వేర్వేరు దీవుల ఆచారాల్ని ఒకే ఊళ్లో కలిపేశారన్నది ఇంకో ఆక్షేపణ. ఇవన్నీ న్యాయమైన మాటలే. పిల్లలకు సినిమా చూపించేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి. మోటునుయి ఒక అసలు దీవి కాదు, ఎన్నో దీవుల కలబోత.

పాటలు, సంగీతం ముగ్గురి పని. లిన్ మాన్యుయెల్ మిరాండా, మార్క్ మాన్సినా, ఒపెటాయా ఫోవాయి. మూడో ఆయన సమోవాలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగినవాడు. గుహలో వినబడే ముత్తాతల పాటలో సమోవా, టోకెలావు భాషల చరణాలు ఆయనవే. మోవానాకు గొంతు ఇచ్చిన ఔలీ క్రవాలో హవాయి అమ్మాయి. సినిమా వచ్చేనాటికి ఆమెకు ఇంకా పదహారేళ్లే. ఈ సినిమా తహితి భాషలోకి, 2017లో మావోరీ భాషలోకి వచ్చింది. 2018లో హవాయి భాషలోకి వచ్చింది, అందులోనూ మోవానా గొంతు ఔలీదే. ఇంట్లో ఈ భాషలు వినడం తగ్గిపోతున్న పిల్లలకు, తమ కథ తమ భాషలో తెర మీద మాట్లాడింది. ఈ సినిమా చేసిన పనుల్లో ఇది అన్నిటికన్నా గొప్పది.

‘మోవానా 2’ 2024 నవంబరులో వచ్చింది. అందులో మోవానా ఒంటరిది కాదు. పెద్ద పడవ ఉంటుంది, పడవ కట్టే అమ్మాయి ఉంటుంది, పంట తెలిసిన ముసలాయన ఉంటాడు, పాత కథలన్నీ నోటికి వచ్చిన కుర్రవాడు ఉంటాడు. కొత్త దీవికి పోయే పడవలో అసలు చరిత్రలోనూ ఇలాంటివాళ్లే కావాలి. పాలినీషియా పడవలు దుంపలు, అరటిపిలకలు, కోళ్లు, కుక్కలు, పందులు మోసుకుని వెళ్లేవి. దిగిన చోట బతకాలంటే అవన్నీ అవసరం. మొదటి సినిమాలో మోవానా పడవలో ఆ సరుకంతా లేదు, పొరపాటున ఎక్కిన కోడిపుంజు ఒక్కటే ఉంది. రెండు సినిమాలూ వరసగా చూసేవాళ్లు మొదటిదాంట్లో చేతినీ చుక్కల్నీ గమనించండి. రెండోదాంట్లో పడవలో ఎవరెవరు ఎక్కారో, ఎవరు ఏ పని చేస్తున్నారో గమనించండి.